సంఘం మారుతున్నారా? లెటర్, రిజిస్టర్, సమాధుల తోట, తాళాలు

ఒక మందిరం మానేసి ఇంకో మందిరానికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిన్నటిదాకా గుంటూరు కొత్తపేటలో ఆరాధనకు వెళ్లిన కుటుంబం వచ్చే ఆదివారం నుంచి విజయవాడ పటమటలో కూర్చోవచ్చు. మనిషి వచ్చేస్తాడు గానీ పేరు రాదు. పేరు పాత సంఘం రిజిస్టర్లోనే ఉండిపోతుంది. ఏ ఐదారేళ్లకో అమ్మాయికి సంబంధం కుదిరి ప్రకటనలు చదివించాల్సి వచ్చినప్పుడో, ఇంట్లో పెద్దాయన కన్నుమూసి తెల్లారేసరికి సమాధి స్థలం కావలసినప్పుడో ఆ సంగతి బయటపడుతుంది. కొత్త సంఘం సెక్రటరీ "మీ పేరు మా పుస్తకంలో లేదండీ" అంటారు. పాత సంఘం సెక్రటరీ "మీరు చందా కట్టి ఆరేళ్లయింది కదండీ" అంటారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు.

అందుకని వెళ్లేవాళ్లు కాగితంతో, అంటే పాత సంఘం ఇచ్చే సభ్యత్వ లెటర్‌తో వెళ్లాలి. ఒక కుటుంబం వెళ్లడం ఒక పద్ధతి. సంఘంలో సగం మందో, మొత్తం సంఘమో డినామినేషన్ (లూథరన్, బాప్టిస్టు లాంటి సంఘశాఖ) విడిచి వెళ్లడం పూర్తిగా వేరే వ్యవహారం. ముందు కుటుంబం సంగతి చూద్దాం.

మీ పేరు ఎక్కడ ఉందో ముందు తేల్చుకోండి

పట్నంలో ఉన్న క్రైస్తవ కుటుంబాల్లో చాలామంది పేర్లు పట్నం సంఘంలో ఉండవు. సత్తెనపల్లి వైపో రేపల్లె వైపో సొంతూరి సంఘంలో బాప్తిస్మం అయి ఉంటుంది. ఉద్యోగానికి వచ్చి ఇక్కడ పదిహేనేళ్లు ఆరాధనకు వెళ్లినా, కానుకలు వేసినా, లెటర్ తెచ్చి ఇవ్వకపోతే మీరు ఇక్కడ విజిటర్ కిందే లెక్క. కాబట్టి ముందు ఇక్కడి సెక్రటరీ గారిని కుటుంబ రిజిస్టర్ తీయమనండి. మీ పేరు ఎదురుగా "ఎక్కడి నుంచి వచ్చారు" అన్న గడిలో ఏదైనా రాసి ఉంటే మీరు ఇక్కడి సభ్యులే. ఖాళీగా ఉన్నా, అసలు పేజీయే లేకపోయినా మీ లెటర్ రావలసింది ఊరి నుంచి, ఈ సంఘం నుంచి కాదు.

ఊరి రిజిస్టర్ ఊళ్లో దొరకదు. పల్లెల్లో ఒక్కో పాస్టరేట్ (ఒక పాస్టర్ చూసుకునే సంఘాలు) కింద ఎనిమిదో పదో గ్రామాలుంటాయి. పుస్తకాలన్నీ అయ్యగారు, అంటే పాస్టర్, కాపురముండే ఊళ్లో, సాధారణంగా ఆయన ఇంట్లో బీరువాలో ఉంటాయి. వెళ్లే ముందు ఫోన్ చేయండి. ఆదివారం వెళ్లకండి. ఆ రోజు ఆయన మూడు ఊళ్లు తిరుగుతూ ఉంటారు. అయ్యగారికి బదిలీ ఆర్డర్ వచ్చిన నెలలో కూడా వెళ్లొద్దు. పుస్తకాలు కట్టలు కట్టేసి ఉంటాయి, కొత్తాయనకు ఇంకా అప్పగించి ఉండరు.

బాప్తిస్మపు రిజిస్టర్లో మీ వరుస చూసేటప్పుడు ఒక్కో గడీ చదవండి. వరుస సంఖ్య, బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ, పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, సాక్షుల పేర్లు, బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారి సంతకం మామూలుగా ఉంటాయి. వరుస సంఖ్యనూ పేజీ సంఖ్యనూ ఫోన్లో ఫొటో తీసుకోండి. సర్టిఫికెట్ పోయినా ఈ రెండు అంకెలుంటే నకలు ఐదు నిమిషాల్లో వస్తుంది. లేకపోతే మూడు పుస్తకాలు తిరగేయాలి.

ఇక్కడ చాలా ఇళ్లలో వచ్చే చిక్కు పేరు. పుస్తకంలో "దేవకుమారి", ఆధార్‌లో "కుమారి". పుస్తకంలో ఇంటిపేరు లేదు, పదో తరగతి సర్టిఫికెట్లో ఉంది. పుట్టిన తేదీ ఒకచోట జూన్, ఇంకోచోట ఆగస్టు. "అయ్యగారూ, కొంచెం దిద్దండి" అని అడగకండి. దిద్దుడున్న పేజీ చూపిస్తే పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర మొదలు కోర్టు దాకా ఎవరూ నమ్మరు, పైగా ఆయన మీదికి వస్తుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే సర్టిఫికెట్లో రాయించి, కింద "ఆధార్‌లో ఫలానా పేరు గల వ్యక్తి, ఈమె ఒక్కరే" అని ఒక వాక్యం చేర్చి సంతకం, ముద్ర వేయించుకోండి. అది చాలు.

ఏ దారిలో వెళుతున్నారు?

గుంటూరు, విజయవాడల మధ్య దూరం ముప్పై చిల్లర కిలోమీటర్లు. సంఘాల లెక్కలో మాత్రం రెండు వేరు వేరు లోకాలు. గుంటూరు లూథరన్‌ల గడ్డ. 1842లో హయ్యర్ దొర వచ్చిన దగ్గర్నుంచీ అంతే. 1927లో ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘం, అందరూ ఏఈఎల్‌సీ అనేది, ఏర్పడింది. కృష్ణా జిల్లా వైపు మచిలీపట్నంలో 1841లో అడుగుపెట్టిన ఆంగ్లికన్ మిషనరీల పని. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు ఆంగ్లికన్‌లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసిన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు అందులోకి వచ్చాయి. లూథరన్‌లు రాలేదు, బాప్టిస్టులు రాలేదు. అందువల్ల గుంటూరు ఏఈఎల్‌సీ నుంచి విజయవాడ సీఎస్‌ఐకి రావడం ఆఫీసులో బ్రాంచి మారినట్టు కాదు, డినామినేషన్ మారడమే. లెటర్‌లో రాసే మాట కూడా మారుతుంది.

ఒకే డినామినేషన్‌లో మారుతుంటే కావలసింది ట్రాన్స్‌ఫర్ లెటర్. ఒక సంఘం పుస్తకంలో కొట్టేసి ఇంకో సంఘం పుస్తకంలో ఎక్కిస్తారు. ఒక్కరోజు పని.

లూథరన్, సీఎస్‌ఐల మధ్య మారుతుంటే బాప్తిస్మం పేచీ ఉండదు, రెండు వైపులా చిన్నపిల్లల బాప్తిస్మం ఒప్పుకుంటారు. సభ్యత్వ లెటర్‌తో పాటు కన్ఫర్మేషన్ (చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్లు పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే ఆరాధన) అయినట్టు సర్టిఫికెట్ తీసుకోండి. అది లేకపోతే ప్రభువు సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం) తీసుకునే సభ్యులుగా ఎక్కించడానికి మళ్లీ క్లాసులు అంటారు. నలభై ఏళ్ల వయసులో పదమూడేళ్ల పిల్లల పక్కన కూర్చోవడం ఎందుకు?

బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలకు వెళుతుంటే ముంచుడు బాప్తిస్మం అడుగుతారు. కృష్ణలో ముంచే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. లూథరన్, సీఎస్‌ఐ, కతోలిక సంఘాల దృష్టిలో బాప్తిస్మం ఒక్కసారే. రెండోసారి తీసుకోవడమంటే మొదటిది చెల్లదని మీరే చెప్పినట్టు. తర్వాత మనసు మారి వెనక్కి వచ్చినా, అత్తగారి కోసం తిరిగి చేరాలనుకున్నా కమిటీ దీన్ని లేవనెత్తుతుంది. తీసుకోవద్దని కాదు. లెటర్ చేతికి వచ్చాకే తీసుకోండి. ముందు నీళ్లు, తర్వాత లెటర్ అంటే చాలాచోట్ల లెటర్ రాదు.

కతోలికుల పద్ధతి వేరు. అక్కడ జ్ఞానస్నానపు పుస్తకమే మూలం. భద్రమైన అభ్యంగనం (కతోలికుల కన్ఫర్మేషన్), పెళ్లి ఇవన్నీ ఆ పేరు పక్కనే మార్జిన్‌లో రాస్తారు. విచారణ (పారిష్) మారితే పేరు కొట్టేయడం అంటూ ఉండదు. కొత్త విచారణలో కుటుంబాన్ని నమోదు చేయించుకోవడమే. సంఘం పూర్తిగా విడిచిపెట్టినా ఆ ఎంట్రీ చెరపరు, ఎందుకంటే జ్ఞానస్నానం జరిగిన మాట నిజం. "అధికారికంగా సంఘం విడిచిన వ్యక్తి" అని పెళ్లి విషయంలో ఇదివరకు ఉన్న మినహాయింపును 2009లో పోపు బెనెడిక్ట్ 16 తీసేశారు. అంటే గుణదలలో జ్ఞానస్నానం పొందిన అబ్బాయి పదేళ్లుగా ఇంకో సంఘానికి వెళుతున్నా, కతోలిక అమ్మాయిని చేసుకునేటప్పుడు అతన్ని కతోలికుడిగానే లెక్కిస్తారు. పెళ్లి కోసం జ్ఞానస్నాన సర్టిఫికెట్ అడిగితే పాతది చూపించకండి. ఆరు నెలల లోపు తీసుకున్న కొత్త నకలు కావాలి. పెళ్లి అయిందో లేదో మార్జిన్‌లో చూడటానికే అది అడిగేది.

అటునుంచి ఇటు, అంటే లూథరన్‌గానో సీఎస్‌ఐగానో ఉండి కతోలిక సంఘంలో చేరేవాళ్లకు మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వరు. నీళ్లతో, త్రియేక నామంలో జరిగిందని రుజువు ఉంటే చాలు. ఆ రుజువే బాప్తిస్మపు సర్టిఫికెట్.

బాకీలు

చందా ఎంత బాకీ ఉందో ట్రెజరర్ గారిని అడిగి, కట్టి, రసీదు తీసుకోండి. మాటతో "అయిపోయిందిలెండి" అంటే ఒప్పుకోవద్దు.

చందా కంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కోత పండుగ వేలం. గుమ్మడికాయ ఐదొందలకు పాడారు, కోడిపుంజు రెండు వేలకు పాడారు, ఇంటికి తెచ్చుకున్నారు, వండుకున్నారు. డబ్బు "వచ్చే నెల ఇస్తా" అన్నారు. ఆ కాగితం ట్రెజరర్ దగ్గర భద్రంగా ఉంటుంది. అలాగే కొత్త మందిరం స్లాబు వేసేటప్పుడు లేచి నిలబడి ఒప్పుకున్న ఇరవై బస్తాల సిమెంటు. చట్టప్రకారం దీన్ని వసూలు చేయలేకపోవచ్చు గానీ, లెటర్ అడిగిన రోజు కమిటీలో మొదట లేచే మాట ఇదే. మొత్తం కట్టలేకపోతే ఎంత కట్టగలరో రాసిచ్చి తేల్చుకోండి.

స్త్రీల సమాజం, యవ్వనస్తుల సమాజం లెక్కల పుస్తకాలు ఏవైనా మీ ఇంట్లో ఉంటే అవి కూడా ఇప్పుడే అప్పగించండి.

లెటర్ అడగడం

నోటితో అడిగితే నోటితోనే జవాబొస్తుంది. కాగితం మీద రాయండి. అర పేజీ చాలు. కారణం వివరించొద్దు. అయ్యగారి ప్రసంగాలు నచ్చలేదనో, కమిటీలో రాజకీయాలనో ఒక్క వాక్యం రాసినా అది మినిట్స్‌లోకి ఎక్కి మీ లెటర్‌ను ఆపుతుంది. ఇల్లు మారితే ఇల్లు మారామని రాయండి. మారకపోతే "కుటుంబ సౌకర్యార్థం" అన్నది చాలు. ఉదాహరణకు ఇలా:

"గౌరవనీయులైన పాస్టర్ గారికి, సంఘ కమిటీ వారికి ప్రభువు నామమున వందనములు. మా కుటుంబ సభ్యులు నలుగురు (పేర్లు, బాప్తిస్మపు తేదీలు, రిజిస్టర్ వరుస సంఖ్యలు క్రింద ఇవ్వబడినవి) ఈ సంఘములో సభ్యులై యున్నాము. కుటుంబ సౌకర్యార్థము ఫలానా సంఘమునకు మారుచున్నందున మా సభ్యత్వమును బదిలీ చేయుచు లెటర్ ఇప్పించవలసినదిగా కోరుచున్నాము. ఈ నెలాఖరు వరకు చందా చెల్లించిన రసీదు జతపరచుచున్నాము. ప్రభువునందు మీ," అని, కింద ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరి సంతకం.

ఆ చివరి మాట ముఖ్యం. తండ్రి ఒక్కడే సంతకం పెడితే పెళ్లీడు కొడుకు "నేను మారను" అన్న రోజున లెటర్ మొత్తం చెల్లదంటారు. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద సెక్రటరీ గారి చేత "అందినది", తేదీ, సంతకం వేయించుకోండి.

సంఘం ఎన్నికలు దగ్గర్లో ఉన్నప్పుడు మాత్రం ఈ కాగితం పట్టుకుని వెళ్లకండి. సభ్యుల జాబితానే ఓటర్ల జాబితా. మీ నాలుగు ఓట్లు ఎవరివో లెక్క వేసుకున్నవాళ్లు ఇవ్వనివ్వరు, లెక్క వేయనివాళ్లు తొందరపెట్టి పంపేస్తారు. ఎలాగైనా మీరు ఒక వర్గం మనిషి అయిపోతారు. ఫలితాలు వచ్చి కొత్త కమిటీ కూర్చున్నాక ఇవ్వండి.

వచ్చిన లెటర్‌లో నాలుగు విషయాలు చూసుకోండి. ప్రతి ఒక్కరి పేరు విడివిడిగా ఉందా? బాప్తిస్మం, కన్ఫర్మేషన్ తేదీలు ఉన్నాయా? "మంచి స్థితిలో ఉన్న సభ్యులు" అన్న అర్థం వచ్చే మాట ఉందా? సంతకం పక్కన ముద్ర, తేదీ ఉన్నాయా? "వీరు మా సంఘానికి వచ్చేవారు" అని మాత్రమే రాసిస్తే అది సభ్యత్వ లెటర్ కాదు, పరిచయ లేఖ. మళ్లీ రాయించుకోండి.

ఇవ్వకపోతే? నెల రోజులు ఆగి గుర్తుచేస్తూ రెండో లెటర్. అప్పటికీ కదలకపోతే సీఎస్‌ఐలో డీనరీ (కొన్ని పాస్టరేట్ల విభాగం) ఛైర్మన్ గారికి, ఆపైన బిషప్ ఆఫీసుకు. కృష్ణా గోదావరి డయాసిస్ ఆఫీసు విజయవాడలోనే ఉంది. ఏఈఎల్‌సీలో సినడ్ అధ్యక్షుల వారికి. మొదటి లెటర్ కాపీ జతచేసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పెద్దల చేత ఫోన్లు చేయించడం కంటే ఇది తొందరగా తేలుతుంది. మూడు నెలలైనా రాకపోతే ఆ కాగితాలన్నీ కొత్త సంఘానికి చూపించండి. చాలా సంఘాలు బాప్తిస్మపు సర్టిఫికెట్ చూసి, కమిటీ తీర్మానంతో చేర్చుకుంటాయి.

సమాధుల తోట, పెళ్లి, కులం సర్టిఫికెట్

లెటర్ తీసుకునే ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దుఃఖంలో ఉన్నప్పుడు అడగలేనిది. అమ్మ సమాధి పాత సంఘం తోటలో ఉంది, నాన్నను పక్కన పెట్టాలి, రేపు స్థలం ఇస్తారా? కొన్ని సంఘాలు ముందే కొనుక్కున్న స్థలాన్ని గౌరవిస్తాయి. కొన్ని సభ్యత్వం పోతే హక్కు పోయిందంటాయి. కొన్ని రుసుము పెంచి ఇస్తాయి. స్థలం రసీదు ఉంటే దాని నంబర్ వేసి, "మేము బదిలీ అయిన తర్వాత కూడా ఈ స్థలం మా కుటుంబానికి ఉండును" అని కమిటీ చేత రాయించుకోండి. కొత్తగా చేరే సంఘాన్నీ అడగండి. ఇండిపెండెంట్ సంఘాల్లో చాలావాటికి సొంత తోటే లేదు.

పెళ్లి విషయంలో చూడాల్సింది అయ్యగారి లైసెన్స్. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం కింద బిషప్ చేత అభిషేకం పొందిన గురువులకు ఒక దారి ఉంది. మిగతావాళ్లకు ప్రభుత్వం పేరు పెట్టి ఇచ్చే లైసెన్స్ ఉండాలి. అధికారం లేకుండా పెళ్లి జరిపిస్తే ఆ చట్టం 68వ సెక్షన్ ప్రకారం పదేళ్ల దాకా జైలు. కొత్త సంఘంలో చేరేటప్పుడు "లైసెన్స్ కాపీ ఒకసారి చూపిస్తారా అయ్యగారూ" అని అడగడం తప్పేమీ కాదు. ఉన్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు. లేదంటే స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద రిజిస్ట్రార్ దగ్గర ముప్పై రోజుల నోటీసుతో చేసుకుని, మందిరంలో ఆశీర్వాద ఆరాధన పెట్టుకోవచ్చు.

ఇంకోటి, ఎవరూ గట్టిగా మాట్లాడనిది. సభ్యత్వ లెటర్, బాప్తిస్మపు సర్టిఫికెట్ మీరు క్రైస్తవులని చెప్పే రాతపూర్వక ఆధారాలు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్తులకే ఎస్సీ హోదా. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారూ వారి సంతానమూ బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక శాతం. మైనారిటీ కాలేజీలో సీటు కోసం ఒక కాగితం, ఉద్యోగం కోసం దానికి విరుద్ధంగా ఇంకో కాగితం పెట్టిన ఇళ్లలో విచారణ వచ్చినప్పుడు రెండూ ఒకే టేబుల్ మీదికి చేరతాయి. పిల్లల సర్టిఫికెట్లలో ఏముందో చూసుకుని, అనుమానముంటే ముందు లాయర్‌ను కలవండి.

సంఘం మొత్తం వెళ్లిపోవాలనుకుంటే

ఇక్కడ లెటర్ల వ్యవహారం కాదు, ఆస్తి వ్యవహారం. తొంభై కుటుంబాలు ఒక్కటై నిలబడితే మందిరం మనదే అవుతుందనే నమ్మకంతో మొదలుపెడతారు. అది తప్పు లెక్క.

అమెరికాలో యునైటెడ్ మెథడిస్ట్ సంఘం 2019లో తన నియమావళిలో 2553వ పేరా చేర్చింది. మూడింట రెండొంతుల ఓటు, బకాయిలు, పెన్షన్ బాధ్యత తీర్చడం అనే షరతులతో మందిరాన్ని వెంట తీసుకుపోనిచ్చింది. 2023 ఆఖరులో ఆ గడువు ముగిసేలోపు సుమారు 7,600 సంఘాలు వెళ్లిపోయాయి. యూట్యూబ్‌లో అది చూసి ఇక్కడా అంతే అనుకునేవాళ్లున్నారు. అది వాళ్ల పుస్తకంలో రాసుకున్న తాత్కాలిక వెసులుబాటు. మన సంఘాల పుస్తకాల్లో అలాంటిదేమైనా ఉందో లేదో మీరు చదివి చూసుకోవాలి. సీఎస్‌ఐ ఆస్తులు సాధారణంగా సీఎస్‌ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటాయి. మీ తాతలు ఇటుకలు మోసి కట్టినా దస్తావేజులో పేరు వాళ్లదే.

సుప్రీంకోర్టు 2017 జూలై 3న కేరళ మలంకర సంఘం కేసులో చెప్పిందీ ఇదే. మనుషులు వెళ్లిపోవచ్చు, ఎవరూ ఆపలేరు. కానీ సంఘం నియమావళి కిందనున్న మందిరాన్ని వేరే వ్యవస్థ కిందికి పట్టుకుపోలేరు. ఇక తీర్మానాల సంగతి. గుజరాత్‌లో బ్రదరన్ సంఘం 1970లో ఉత్తర ఇండియా సంఘంలో విలీనమవుతున్నట్టు తీర్మానం చేసింది. ఆ తీర్మానం ఒక్కటే చాలదని, సొసైటీల చట్టం ప్రకారం రద్దు ప్రక్రియ జరగకుండా ఆస్తి చేతులు మారదని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. నలభై మూడేళ్ల తర్వాత! చప్పట్లతో ఆమోదించిన తీర్మానానికి కోర్టులో ఉండే బరువు అంత.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. మొదట దస్తావేజు. సర్వే నంబర్, డోర్ నంబర్ పట్టుకుని ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి. 1983 నుంచి ఉన్నది రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో వస్తుంది. అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. మిషన్ కాలపు మందిరాలన్నీ అంతకంటే పాతవే. పల్లె అయితే మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బి చూడండి. పట్నంలో కార్పొరేషన్ పన్ను రసీదు ఎవరి పేరున వస్తుందో చూడండి, అయితే పన్ను రసీదు హక్కు పత్రం కాదు. ఇరవై ఏళ్లుగా పన్ను కట్టామని వాదించి ఓడిపోవడం మామూలే.

పేరు డినామినేషన్‌ది అని తేలితే అక్కడితో మందిరం ఆశ వదులుకుని ముందుకెళ్లండి. వదులుకోలేని సంఘాలకు ఏమవుతుందంటే, రెండు వర్గాలూ తాళం మీద తాళం వేస్తాయి, శాంతిభద్రతల పేరున అధికారులు గేటు మూయిస్తారు, క్రిస్మస్ రోజున రెండు వర్గాలూ రోడ్డు మీద షామియానా కింద ఆరాధన చేసుకుంటాయి. పేరు స్థానిక సొసైటీది అయితే అప్పుడు మాత్రం మీకు దారి ఉంది, నియమావళి గీత దాటకుండా నడవండి.

రెండోది జనరల్ బాడీ. నోటీసుకు ఎన్ని రోజులు, కోరం ఎంత, ఎవరికి ఓటు, ఎంత మెజారిటీ అనేది నియమావళిలో ఎలా ఉంటే అలాగే. ఆదివారం ప్రకటన సరిపోదు. నోటీసు బోర్డు మీద అంటించి తేదీ కనిపించేలా ఫొటో తీయండి. ఎజెండాలో "ఇతర విషయాలు" అని కాకుండా "డినామినేషన్ నుంచి వైదొలగుట" అని స్పష్టంగా రాయండి. హాజరు సంతకాలు వేరే పుస్తకంలో కాదు, మినిట్స్ పుస్తకంలోనే. చేతులెత్తడం వద్దు, చీటీలు పెట్టండి. మామగారు ముందు వరుసలో కూర్చుంటే అల్లుడి చెయ్యి ఎటు లేస్తుందో అందరికీ తెలుసు. వ్యతిరేకంగా పడిన ఓట్ల సంఖ్య కూడా రాయండి. అది లేని మినిట్స్‌ను చూడగానే అనుమానిస్తారు.

మూడోది డబ్బు. సంఘం అకౌంట్‌లోది సంఘానిది, వెళ్లేవాళ్లది కాదు. ఓటుకు ముందు వారం పెద్ద మొత్తం డ్రా చేస్తే మొదటి క్రిమినల్ కేసు దాని మీదే పడుతుంది. విదేశీ విరాళాల అకౌంట్ ఉంటే అసలు ముట్టుకోవద్దు. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో వచ్చిన సవరణ తర్వాత ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడం నిషేధం. లెక్కలు ఆ తేదీకి ఆడిట్ చేయించి, నిల్వ ఎంతో రాసి, డినామినేషన్ ఆఫీసుకు కాపీ పంపండి.

నాలుగోది కొత్త సొసైటీ. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు కావాలి. మెమోరాండం, బైలాస్, సభ్యుల ఆధార్ కాపీలు, ఆఫీసు చిరునామా రుజువుతో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర. ఏడుగురూ రెండు ఇళ్ల వాళ్లే కాకుండా చూసుకోండి, రేపు ఇంకో చీలికకు అదే విత్తనం. పేరులో లూథరన్, సీఎస్‌ఐ లాంటి మాటలు పెట్టొద్దు. బైలాస్‌లో సభ్యుడు ఎలా చేరతాడో మూడు పేజీలు రాస్తారు, ఎలా వెళ్లిపోతాడో ఒక్క గీత రాయరు. మీరు ఇప్పుడు పడుతున్న అవస్థ ఆ గీత లేకనే కదా. లెటర్ అడిగిన ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, బాకీ ఉంటే ఏం చేయాలి, సంఘం చీలితే ఆస్తి ఎవరిది, ఇవన్నీ మొదటి రోజే రాసుకోండి.

అద్దె హాలు చూసుకునేటప్పుడు ఓనర్ దగ్గర ఆరాధన కోసమని రాసి అగ్రిమెంట్ చేసుకోండి. ట్యూషన్ సెంటర్ అని రాస్తే పక్కింటివాళ్ల మొదటి ఫిర్యాదుకే ఖాళీ చేయిస్తారు. బ్రాడీపేట లాంటి ఇళ్ల మధ్య అయితే సౌండ్ దగ్గర జాగ్రత్త. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్ స్పీకర్ పనికిరాదు. శుక్రవారం రాత్రి ఉపవాస ప్రార్థన తలుపులు వేసుకుని, మైకు ఆపి చేసుకోండి.

కుటుంబాల లెటర్లు ఇప్పుడు తీసుకోవాలి, ఓటు తర్వాత కాదు అనేవాళ్లున్నారు. వినొద్దు. ముందే లెటర్ తీసుకుంటే సభ్యత్వం పోయి ఓటు హక్కూ పోతుంది. ఓటు, తర్వాత లెక్కలు, తర్వాత ఇంటింటికీ విడిగా లెటర్. ఉండిపోయే కుటుంబాలను బలవంతపెట్టవద్దు. అక్కడ సమాధులున్నవాళ్లు, డినామినేషన్ స్కూల్లోనో ఆసుపత్రిలోనో ఉద్యోగం చేసేవాళ్లు చాలాసార్లు ఉండిపోతారు.

అప్పగింత రోజు రిజిస్టర్లు ముందు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు, ఈ మూడు పుస్తకాలూ పాత సంఘంలోనే ఉండాలి. ఎవరి సంచిలోనూ రాకూడదు. వెళ్లే ప్రతి కుటుంబం తమ పేజీ ఫొటో తీసుకుంటే చాలు. తర్వాత వస్తువుల జాబితా రెండు కాపీలు రాయండి: సంస్కారపు గిన్నెలు ఎన్ని, పళ్లెం ఎన్ని, కీబోర్డు, యాంప్లిఫయర్, కుర్చీలు, బెంచీలు, గంట. ఎవరైనా తమ వాళ్ల జ్ఞాపకార్థం ఇచ్చిన గడియారం, ఫ్యాన్ కూడా సంఘానివే, రెక్కల మీద పేరు రాసి ఉన్నా సరే. రెండు వైపుల నుంచీ ఇద్దరిద్దరు సంతకాలు పెట్టాక తాళాలు ఇవ్వండి. ఎన్ని తాళంచెవులో కూడా ఆ కాగితంలోనే రాయండి. వెస్ట్రీ గది (మందిరంలో పాస్టర్ సిద్ధమయ్యే గది) డూప్లికేట్ తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఎవరి ఇంట్లోనో మిగిలిపోతుంది. దాన్ని వెతికించి ఆ రోజే ఇప్పించండి.